తడి చేత్తో పట్టి చూసిన తుపాకీ

నోర్వా టెస్కీ మాంసం కోసే మనిషి. మా ఊళ్ళో ఎవరు దుప్పిని కొట్టినా, ఎవరింట్లో పంది తెగినా అది చివరికి ఆమె బల్ల మీదికే చేరేది. వేట మొదలైన వారంలో ఆమె కొట్టు ముందు పికప్ బళ్ళు వీధి మలుపు దాకా నిలబడేవి. ఎముక మీద ఇంత మాంసం కూడా వదలదు, కత్తి పోట్లు పడి తోలు చెడదు. వయోమింగ్ రాష్ట్రంలో ఈ మూల అంతటా ఆ చేతికి పేరుంది. పెళ్ళి చేసుకోలేదు. ఊరికి దూరంగా, కంకర రోడ్డు చివర తండ్రి కట్టిన ఇంట్లో ఒక్కతే ఉంటుంది.

వీధికి ఇవతల తుపాకులు అమ్మే కొట్టు నాది. బాగుచేసే పని కూడా నాదే. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, పాడైనవి విప్పుతూ బిగిస్తూ నేర్చుకున్నాను. కాబట్టి పని తెలిసిన చెయ్యి కనబడితే గుర్తుపడతాను. నోర్వా మీద నాకు గౌరవం అక్కణ్ణుంచి వచ్చింది.

ఆ శీతాకాలం ఒక సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, ఎవరో ఇద్దరు ఆమె వాకిట్లో బండి ఆపి వంటింటి తలుపు లాగి చూశారు. తలుపు తియ్యకపోతే భుజంతో గుద్దారు. చౌకట్టు చీలింది గాని గడియ ఊడలేదు. లోపల పొయ్యి మీద కాఫీ మరుగుతోంది. ఆమె షెరీఫ్ ఆఫీసుకు ఫోన్ చేసి, మాంసం కత్తి పట్టుకుని నడవలో నిలబడింది. కాసేపటికి వాళ్ళే పోయారు. షెరీఫ్ మనిషి వచ్చేసరికి ఆ కాఫీ ఇగిరిపోయింది. ఆయన కోసం మళ్ళీ కాచింది.

మర్నాడే తమ్ముడు గేలార్డ్ పికప్ వేసుకుని దిగాడు. ఊళ్ళో వాడి ఇంటి పక్కన గరాజ్, దాని మీద ఒక గది. ఆ గదిలోకి అక్కను తెచ్చి పెట్టుకోవాలని వాడికి ఎప్పట్నుంచో ఉంది.

"సామాను సర్దుకో అక్కా. ఇంక ఇక్కడ ఒక్క రోజు కూడా వద్దు."

"నీ గదిలో కిటికీ ఎటు చూస్తుందిరా?"

"పెట్రోలు బంకు వైపు."

"అయితే నేను రాను."

వాదన అలా మూడు వారాలు నడిచింది. చివరికి గేలార్డ్ ఒక మాట అన్నాడు. నీ చేత్తో నువ్వు తుపాకీ పేల్చి కాగితం పళ్ళెంలో తూటాలు దింపగలిగితే ఇక నోరెత్తను, లేకపోతే వసంతం రాకముందే ఇల్లు అమ్మకానికి పెడదాం. నోర్వా ఒప్పుకుంది. వాళ్ళ నాన్న రైఫిల్ గోడకు ఉంది, దాంతో ఆమె ఎన్నో జింకల్ని కొట్టింది కూడా. కానీ ఆ సన్నటి నడవలో దాని గొట్టం తిప్పబోతే గోడకు తగులుతుంది. పైగా ఫోన్ పట్టుకోవడానికి ఒక చెయ్యి ఖాళీ ఉండాలి. చేతి తుపాకీ మాత్రం ఆమె ఎన్నడూ కొనలేదు.

దాన్ని గేలార్డే కొనుక్కొచ్చాడు. మా దగ్గర మగవాళ్ళ అలవాటే అంత. పెళ్ళానికో అక్కకో అమ్మకో తుపాకీ కావాలంటే తుపాకుల సంతకు పోయి, ఉన్నవాటిల్లో చిన్నది, తేలికది, ముద్దుగా ఉన్నది చూసి తెస్తారు. ఆడవాళ్ళ చెయ్యి చిన్నది కాబట్టి తుపాకీ కూడా చిన్నదే కావాలనుకుంటారు. గేలార్డ్ తెచ్చింది అరచేతిలో దాక్కునే పిస్తోలు, పిడికి నీలిరంగు రాళ్ళు పొదిగి ఉన్నాయి.

ఆదివారం చర్చి అయ్యాక ఊరి బయట కంకర గోతిలోకి వెళ్ళారు. నేనూ వెళ్ళాను. ఆ చిన్న పిస్తోలు పై భాగాన్ని వెనక్కి లాగితేనే తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. నోర్వాకు అదే కుదరలేదు. నలభై ఏళ్ళు కత్తి పట్టిన చేతులవి, బొటనవేళ్ళ మొదట్లో కీళ్ళు అరిగిపోయాయి. గేలార్డే లాగి ఇచ్చాడు. పేల్చింది. తేలిక తుపాకీ తన్నితే మొండిగుర్రం తన్నినట్టే ఉంటుంది. చెయ్యి పైకి ఎగిరింది. పేలిన తూటా ఖాళీ గుల్ల బయటికి పడకుండా పొగగొట్టంలా నిలబడి ఇరుక్కుంది. తియ్యడానికి మళ్ళీ ఆ పై భాగమే లాగాలి. మళ్ళీ తమ్ముడే లాగాడు.

"చూశావా అక్కా," అన్నాడు గేలార్డ్ మెల్లగా. వెక్కిరించలేదు, నిజంగానే బాధపడ్డాడు. "నీ చేతులు అయిపోయాయి."

నోర్వా పిస్తోలు వాడి చేతిలో పెట్టి బండెక్కింది. "వచ్చే ఆదివారం మళ్ళీ చూద్దాం," అంది. ఆమెను ఏమైనా అనొచ్చు గాని ఆమె చేతుల్ని అనకూడదు.

మర్నాడు పొద్దున్నే నా కొట్టుకు వచ్చింది. ఒక చేతిలో గుడ్డలో చుట్టిన తన పాత కత్తి, ఇంకో చేతిలో బట్టలారేసే తాడు చుట్ట.

"మెర్ల్, ఒక గిన్నెలో నీళ్ళు పొయ్యి. కాస్త పంది కొవ్వు కూడా ఉంటే పెట్టు."

"కొవ్వెందుకు నోర్వమ్మా? కాఫీ అడుగుతారనుకున్నా."

"కాఫీ తర్వాత. కత్తి కొనేటప్పుడు పొడి చేత్తో పట్టుకుని ఆహా అనేవాడు మాంసం కొయ్యలేడు. చెయ్యి తడిగా ఉన్నప్పుడు, జిడ్డుగా ఉన్నప్పుడు, వణుకుతున్నప్పుడు ఎలా ఉంటుందో చూడాలి. వాళ్ళు తలుపు గుద్దిన రోజు నడవలో నా చెయ్యి చెమటతో తడిసిపోయింది. ఇప్పుడు నీ సరుకు బల్ల మీద పెట్టు."

తూటాలు లేవని ఒక్కొక్కటీ తెరిచి చూపించి పెట్టాను. ఆమె కూడా ప్రతిదీ మళ్ళీ తెరిచి చూసింది. అది నేను చెప్పకుండానే చేసింది. గొట్టం గోడ వైపే ఉంచింది, పేల్చే మీట మీద వేలు పెట్టలేదు. తర్వాత చెయ్యి నీళ్ళలో ముంచి, కొవ్వు రాసుకుని పట్టుకోవడం మొదలెట్టింది.

మెరిసే పిడులన్నీ జారిపోయాయి. "ఇది సబ్బు," అని ఒకటి పక్కన పెట్టింది. "దీనికి నా చిటికెన వేలు గాల్లో వేలాడుతోంది." "ఇది బాగానే ఉంది గాని పై భాగం లాగాలంటే గేలార్డ్‌ని మంచం పక్కన కట్టేసుకోవాలి."

నేను నవ్వాను. పెద్ద తూటాల పిస్తోలు ఒకటి చూపించి, "చాలామంది దీన్నే అడుగుతారు, దెబ్బ గట్టిగా ఉంటుంది," అన్నాను.

"గట్టి దెబ్బ తగలకపోతే ఏం లాభం? రెండోసారి పేల్చడానికి నా చెయ్యి మళ్ళీ కిందికి రావాలి కదా."

ఆఖరున అద్దాల బీరువా అడుగునుంచి ఒక పాత ఉక్కు రివాల్వర్ తీశాను. ఒకప్పుడు పోలీసులు మోసినది. నల్ల పూత అంచుల దగ్గర అరిగింది గాని లోపల నేనే శుభ్రం చేసి బిగించాను, గడియారంలా నడుస్తుంది. దీనికి ఏదీ వెనక్కి లాగక్కర్లేదు. తూటాలు పెట్టే చక్రం పక్కకి తెరుచుకుంటుంది, మూసి మీట నొక్కితే పేలుతుంది. బరువుంది కాబట్టి తన్ను తక్కువ. నోర్వా అరిగిన బొటనవేలికి ఇందులో పెద్ద పని లేదు. చూపుడువేలు మాత్రం ఆమెకు ఇప్పటికీ ఇనుమే. ఖాళీ తుపాకీ మీట నొక్కి చూసింది. గొట్టం కొసనున్న గురి ముల్లు కదల్లేదు.

"ఇదే," అంది. "కానీ పిడి నాది కాదు."

అప్పుడు గుడ్డ విప్పింది. ఆమె మొదటి కత్తి అది. ఆకు అరిగి సన్నబడిపోయింది. చెక్క పిడి మాత్రం ఆమె వేళ్ళు పడ్డ చోటల్లా గుంటలు పడి, అరచేతి వంపు తిరిగి ఉంది. నలభై ఏళ్ళు ఆమె చెయ్యే దాన్ని చెక్కింది.

"ఇలా చెయ్యగలవా?"

ఇంత మంచి కొలత నాకు ఎవరూ ఇవ్వలేదు. అక్రోటు చెక్క తీసుకుని, కత్తి పిడి పక్కన పెట్టుకుని, ఆకురాయితో కొంచెం కొంచెం దింపాను. నున్నగా చెయ్యలేదు, అడ్డగీతలు చెక్కి గరుకుగా ఉంచాను. బిగించాక ఆమె మళ్ళీ నీళ్ళు, కొవ్వు రాసుకుని పట్టుకుంది. జారలేదు. నా వైపు చూసి తల ఊపింది. నా పనికి ఇంతకంటే పెద్ద మెచ్చుకోలు దొరకలేదు.

తుపాకీ దాచే తాళం పెట్టెను మంచానికి బిగించడానికి మేకులు కూడా అడిగింది. గేలార్డ్ మనవలు సెలవులకి ఆమె ఇంటికి వస్తారు. "పిల్లలకి అందితే అది కాపలా కాదు, ప్రమాదం," అంది. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "దీన్ని ఒక్కసారి కూడా మనిషి మీదికి ఎత్తకుండానే నేను చచ్చిపోవాలి మెర్ల్. కానీ ఎత్తాల్సి వస్తే మాత్రం నా చెయ్యి నా మాట వినాలి."

వారమంతా గోతిలో ఆమె మెల్లగా సాధన చేసింది. తేలిక తూటాలతో, తొందర లేకుండా, కత్తి నేర్చుకున్నట్టే.

ఆదివారం గేలార్డ్ కాగితం పళ్ళెం ఒక కర్రకి గుచ్చి, దూరంగా గోతి అవతలి గట్టు మీద పాతాడు. నోర్వా నడుచుకుంటూ వెళ్ళి కర్ర పీకింది. దగ్గరికి తెచ్చి మళ్ళీ పాతింది. తాడు ఒక కొసను దానికి కట్టి, రెండో కొస చేత్తో పట్టుకుని అది బిగిసేదాకా వెనక్కి నడిచి నిలబడింది.

"అదేంటక్కా, మోసం. మగవాళ్ళు అంత దగ్గర నుంచి కొడతారా?"

"ఇది నా మంచం దగ్గర్నుంచి వంటింటి తలుపు దాకా కొలిచిన తాడురా. ఇంతకంటే పొడుగు ఇల్లు నాన్న కట్టలేదు. ఆ గట్టు మీద ఎవరున్నా వాళ్ళతో నాకు తగువు లేదు."

గేలార్డ్ వెనక్కి జరిగాడు. నేను చెవులకి మూతలు పెట్టుకున్నాను. ఆమె బాటిల్ నీళ్ళు చేతుల మీద ఒంపుకుంది. ఆ తడి చేతులతోనే రివాల్వర్ ఎత్తింది. ఒక్కొక్కటే పేల్చింది. ప్రతి తన్నుకీ గొట్టం కాస్త లేచి, మళ్ళీ ఎక్కడిదక్కడికే దిగింది. అయ్యాక చక్రం తెరిచి, గుల్లలు అరచేతిలోకి దులుపుకుని, తుపాకీ తెరిచే ఉంచి బల్ల మీద పెట్టింది.

గేలార్డ్ వెళ్ళి పళ్ళెం తెచ్చాడు. చిల్లులన్నీ మధ్యలో, కోడిగుడ్డు పెట్టేంత చోటులో ఉన్నాయి. ఆకాశానికేసి ఎత్తి వాటిలోంచి చూశాడు.

"నాన్న ఉండి ఉంటే," అన్నాడు.

"నాన్న ఉంటే, ఈపాటికి తలుపు చౌకట్టు బిగించి ఉండేవాడు," అంది నోర్వా. "అది ఇంకా చీలే ఉంది. మూడు వారాల పాటు నాకు గది చూపించావు, ఒక్క మేకు కొట్టావా?"

వాడు నవ్వేశాడు. పళ్ళెం మడవకుండా పికప్‌లో సీటు మీద పెట్టుకున్నాడు. "రేపొస్తా. ఉక్కు పట్టీలతో బిగిస్తా."

"పొద్దున్నే రా. పంది నడుము ముక్కలు వేయిస్తాను." పికప్ సీటు మీద పడున్న నీలిరాళ్ళ పిస్తోలు వైపు చెయ్యి చూపించింది. "అది మాత్రం తీసుకుపోయి మీ ఆవిడకి ఇచ్చెయ్యకు. ముందు ఆవిణ్ణి మెర్ల్ కొట్టుకి తీసుకురా."

ఆ తాడు ఇప్పుడు నా కొట్టులో మేకుకి వేలాడుతోంది, ఆమే ఇచ్చింది. మొదటి తుపాకీ కొనడానికి ఎవరొచ్చినా అదిచ్చి, ముందు ఇంటికి వెళ్ళి కొలుచుకు రమ్మంటాను. కౌంటర్ మీద నీళ్ళ గిన్నె ఎప్పుడూ ఉంటుంది. ఎందుకని అడిగితే కిటికీలోంచి వీధి అవతల కొట్టు వైపు చూపిస్తాను. నోర్వా అక్కడ బల్ల దగ్గర నిలబడి ఉంటుంది.