తలకింత

రైల్వేలో రిటైరైన చిన్నారావు టాటీబంధ్‌లో తన మేడమీది గదులు అద్దెకిస్తాడు. గదికింత కాదు, తలకింత. పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి మెట్లెక్కి, గుమ్మాల ముందున్న చెప్పుల జతలు చూసి తలలు లెక్కపెట్టుకుంటాడు. కొత్త జత కనబడితే పెళ్లివారు దిగినంత సంబరం. ఈమధ్య ముగ్గురుండే గదిలో ఇద్దరు నర్సులు ఖాళీ చేశారు. మిగిలిన కీర్తనను మూడు మంచాల అద్దే కట్టమన్నాడు.

“తలకింత అన్నారు కదా అంకుల్?”

“నిండా ఉంటే తలకమ్మా. ఒక్కదానివే మిగిలావు కదా, కమ్రా మొత్తం నీదే!”

పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆయన భార్య పైడమ్మ “వదిలెయ్యి” అని ఎంత పోరినా ఆ ధర్మాత్ముడు చలించలేదు.

మర్నాడు పొద్దున కీర్తన గుమ్మం ముందు రెండో జత కనబడింది. ఏళ్ల తరబడి తన ఇంట్లో తిరుగుతున్న చెప్పులే అవి. కానీ ఆయనకు తెలిసింది లెక్కే గాని చెప్పులు కావు. చేతులు నలుపుకుంటూ తలుపు తట్టాడు.

“కొత్త తల ఎవరమ్మా?”

తలుపు తీసింది పైడమ్మ.

“నానే. ఈ పిల్ల అద్దె కట్టే మంచమ్మీదే ఉంటాను. కింద ఒక్కడివే మిగిలిపోనావు గదా, రసోయి మొత్తం నీదే. వండుకో!”