మా మేడం గారి గుమ్మడికాయ

మా గైడు గారు పోయారన్న కబురు డిపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో చూశాను. కింద అప్పటికే వరసగా గులాబీ బొమ్మలు. ఏడుస్తూనే నవ్వొచ్చింది నాకు. ఆవిడే ఉంటే కళ్ళజోడు పైకి తోసుకుని, "అన్నీ రేకులే, పుప్పొడేదీ? ఈ పువ్వు వల్ల ఏ తేనెటీగకి లాభం?" అని గ్రూపు మొత్తాన్నీ కడిగేసేవారు.

మేడం గారు విజయవాడలో వృక్షశాస్త్రం ప్రొఫెసరు. పొలం గట్ల మీద పూసే కలుపు మొక్కలు తేనెటీగల్ని ఎలా బతికిస్తాయి, ఆ తేనెటీగలు పంటకి ఏం చేస్తాయి అన్నదాని మీద ఆవిడ దగ్గర పీహెచ్‌డీ చేశాను. గైడంటే గదిలో కూర్చుని సంతకాలు పెట్టే మనిషి అనుకునేదాన్ని. ఈవిడ నాకంటే ముందే పామర్రు బస్సెక్కి సీటు పట్టేసేవారు. చేతిలో గొడుగు, సంచిలో ఇడ్లీ డబ్బా. కుచ్చిళ్ళు పైకి దోపి గట్టు మీద చతికిలబడ్డారంటే ఇక లేవరు. నేను పువ్వు నుంచి పువ్వుకి ఉరుకుతుంటే, "పరిగెత్తితే ఏదీ కనపడదే తల్లీ, కూర్చో" అనేవారు. కూర్చుంటే చీమలు కుట్టేవి. "అదీ డేటాయే, రాసుకో" అనేవారు. ఒళ్ళు మండిపోయేది నాకు.

పామర్రు దగ్గర ఒక రైతు గారి గట్టు మాకు దొరికింది. గట్టు నిండా తుమ్మి మొక్కలు, తెల్లగా పూత. పూత అయ్యేదాకా కలుపు మందు కొట్టనని ఆయన మాటిచ్చారు. నా థీసిస్ మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది. గట్టు మాడితే తుమ్మి లేదు, తుమ్మి లేకపోతే తేనెటీగల్లేవు, అవి లేకపోతే నాకు డాక్టరేటూ లేదు.

ఏ రంగుకి ఏ పురుగు వస్తుందో తెలియాలంటే పసుపు, తెలుపు, నీలం గిన్నెల్లో సబ్బునీళ్ళు పోసి గట్టు పొడవునా పెట్టాలి. పెట్టాం. పెట్టి, రైతు గారికి ఓ మాట చెప్పకుండానే టీ తాగడానికి సెంటరుకి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి ఊరు ఊరంతా గట్టు మీదే ఉంది. పొద్దున్నే పొలంలో పసుపు గిన్నెలు, నురగ నీళ్ళు, వాటిలో చచ్చిన పురుగులు! ఇంకేం కావాలి?

"మా చేనుకి ఎవరో చేతబడి చేశారండీ!" అని రైతు గారి భార్య గుండెలు బాదుకుంటున్నారు. గట్టంతా మాడ్చి పారేస్తానంటూ రైతు గారు అప్పటికే స్ప్రేయరు భుజానికెత్తుకున్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

మేడం గారు తాపీగా ముందుకెళ్ళి, "చేసింది నేనేనండీ" అన్నారు.

జనం ఒక్కసారిగా వెనక్కి తగ్గారు. ఆవిడ మెడలో సిలువ గొలుసు చూసి రైతు గారి భార్యకి మరీ అయోమయం. "చర్చికెళ్ళేవాళ్ళు, మీకెందుకండీ ఇయ్యన్నీ?"

వివరించేసరికి ఇడ్లీలు చల్లారిపోయాయి. స్ప్రేయరు భుజం దిగింది గానీ అనుమానం దిగలేదు. "మీరెన్నైనా చెప్పండి, పాక మీద బూడిద గుమ్మడి పాదుంది. కాయ కాశాక దిష్టికి గుమ్మానికి కట్టుకుంటాం. ఈలోపు చేనుకేదన్నా అయ్యిందా, గట్టు మాడ్చాల్సిందే" అని రైతు గారి భార్య తేల్చేశారు.

మేడం గారి కళ్ళు మెరిశాయి. "ఆ పాదులో నాలుగు ఆడమొగ్గలు నాకిస్తారా?"

తేనెటీగలు వాలకుండా ఆ మొగ్గలకి దోమతెర గుడ్డతో సంచులు కట్టాం. "పూలని కూడా దోమలు కుడతాయా డాక్టరమ్మ గారూ?" అని ఊళ్ళో నవ్వనివాళ్ళు లేరు. పనిలో పనిగా మోకాళ్ళ నొప్పులకి మందు కూడా అడిగారు.

సంచి కట్టిన పిందెలన్నీ పసుపెక్కి రాలిపోయాయి. కట్టనివి కాయలై ఊరి, వాటి బరువుకి పాక కప్పు వంగిపోయింది. రైతు గారి భార్య రాలిన పిందెల్నీ, కప్పు మీది కాయల్నీ వేలు పెట్టి లెక్కపెట్టుకున్నారు.

"దిష్టి తియ్యాలన్నా తేనెటీగే కావాలండీ," అన్నారు మేడం గారు. "మీ పాదు పూయనప్పుడు దానికి తిండి పెట్టేది ఆ తుమ్మే."

ఆ రోజు నుంచి రైతు గారు మందు డబ్బా వంక చూస్తే ఇంట్లోనే పడేవి అక్షింతలు. నా డాక్టరేటు నాకొచ్చింది.

ఏటా ఒక బూడిద గుమ్మడికాయ పామర్రు నుంచి విజయవాడ వచ్చేది. మేడం గారు దాన్ని ఉట్టిలో పెట్టి గుమ్మం పైన వేలాడదీసేవారు. ఇంటికొచ్చిన ఫాదర్ గారు, "ఇదేంటమ్మా, మీరు కూడానా?" అని నొచ్చుకుంటే, "దిష్టికాయ కాదు ఫాదర్, రిజల్టు" అనేవారు.

అంత్యక్రియల నాడు పెట్టె బయటికి తెస్తుంటే ఆ కాయకి తగిలింది. "తీసేయండయ్యా దాన్ని" అన్నారెవరో. ఎవరికీ చేతులు రాలేదు. మోసేవాళ్ళే నడుములు వంచి, ఆవిడ రిజల్టు కింద నుంచే ఆవిడని తీసుకెళ్ళారు. అంతా అయ్యాక, పామర్రు నుంచి చివరి చూపుకి వచ్చిన రైతు గారి భార్య స్టూలు వేయించి కాయని దింపించుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఎందుకని అడిగే ఓపిక నాకు లేదు.

నా బెంగంతా గట్టు గురించే. ఇక దాని తరఫున మాట్లాడే మనిషి లేదు. మొన్న పామర్రు బస్సెక్కితే, ఉయ్యూరు దాటిన దగ్గర్నుంచి మందుకి మాడిన గట్లే కనిపించాయి. కిటికీ వంక చూడటం మానేశాను.

మా గట్టు మొదట్లో వెదురు గెడ పాతి ఉంది. గెడకి ఉట్టి, ఉట్టిలో ఆ గుమ్మడికాయ.

"మేడం గారు లేరు కదమ్మా," అన్నారు రైతు గారి భార్య. "ఇంక దీని మీద ఎవరి కన్నూ పడకూడదు. ముందు మా ఆయన కన్ను."

కాయ కింద గట్టు పొడవునా తుమ్మి తెల్లగా పూసి ఉంది. చతికిలబడ్డాను. చీమలు కుట్టాయి, కుట్టనిచ్చాను. కాసేపటికి గుమ్మడికాయ నీడలోని పువ్వు మీద ఒక తేనెటీగ వచ్చి వాలింది.