జంగన్న చెయ్యి వణకలేదు

అసలు మాట ముందే చెప్పేస్తాను. లేకపోతే మళ్లీ నసుగుతాను. ఆ రోజు జంగన్న విమానం కూలింది నా వల్ల. ఆయన చెయ్యి వల్ల కాదు. ఈ రెండు ముక్కలూ ఏళ్ల తరబడి గొంతులో చేపముల్లులా ఇరుక్కుని ఉన్నాయి. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. అన్నం తింటున్నా, ఆఫీసులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నా ఆ ముల్లు అక్కడే ఉందని తెలుస్తూనే ఉండేది.

మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసినవాళ్లయితే మధ్యలో ఆపి, పోనీలే, కావాలని చేశావా ఏంటి అంటారు. ఆ ఓదార్పు నాకు అక్కర్లేదు. అది వింటే సగంలో ఆపేస్తానని నా భయం.

మాది గుంటూరు వైపు. ఉద్యోగం కోసం వచ్చి నగరం శివారు బుద్వేల్‌లో ఇల్లు కట్టుకున్నాం. వారమంతా ఇన్సూరెన్సు ఆఫీసులో కుర్చీ అరగదీసి, ఆదివారం వస్తే విమానాలు ఎగరేసేవాణ్ని. మా ఆవిడ వాటిని బొమ్మలంటుంది. నాకు ఒళ్లు మండుతుంది. అవి పాత యుద్ధాల్లో తిరిగిన విమానాలకు నకళ్లు. రెక్కల కొస నుంచి కొస దాకా కొలిస్తే నిలువెత్తు మనిషిని మించుతాయి. సగం బస్తా బియ్యమంత బరువు. ముక్కులో చెట్లు కోసే రంపం నుంచి తీసిన పెట్రోలు ఇంజను ఉంటుంది. మనం నేల మీద నిలబడి, చేతిలో రేడియో పెట్టె పట్టుకుని, దాని మీదున్న రెండు పుల్లల్ని బొటనవేళ్లతో కదిలిస్తూ నడపాలి. ఒక్కోటి తయారవడానికి ఏడాది పైనే పడుతుంది. కూలడానికి రెప్పపాటు చాలు.

నన్ను ఈ పిచ్చిలోకి పూర్తిగా దించింది జంగన్న. కొత్వాల్‌గూడ రైతు. ఒకప్పుడు ద్రాక్షతోటలున్న కుటుంబం. తోట తీసేశాక ఖాళీ అయిన పెద్ద షెడ్డే మా కార్ఖానా. నాకంటే చాలా పెద్దవాడు, నన్ను తమ్మీ అని పిలిచేవాడు. ఆయనది నిదానం, నాది తొందర. జిగురు ఆరకముందే రెక్క ఎత్తి చూసుకోవాలి నాకు. జర ఆగరాదూ అని ఆయన గదమాయించేవాడు. నేను ఆగేవాణ్ని కాదు. నా విమానాల్లో ఏదో ఒకటి ఎప్పుడూ వంకరగా ఉండేది.

కొత్త విమానాశ్రయం వచ్చాక నిజం విమానాలు షెడ్డు మీదుగా దిగడం మొదలైంది. ఇక మావి అక్కడ ఎగరేయకూడదు. జంగన్న బామ్మర్దికి కందుకూరు దాటాక బీడు భూమి ఉంటే, ఆదివారాలు విమానాలు కట్టుకుని అక్కడికి పోయేవాళ్లం. మాతోపాటు మరో నలుగురైదుగురు వచ్చేవారు.

అక్కడ మాకొక పద్ధతి ఉండేది. అది తెలియకపోతే నేను చేసిందేమిటో మీకు అర్థం కాదు. అప్పటి రేడియో పెట్టెలకు ఒక్కోదానికి ఒక్కో నంబరు. ఒకే నంబరున్న రెండు పెట్టెలు ఒకేసారి ఆన్ అయితే గాల్లో ఉన్న విమానం ఎవరి మాట వినాలో తెలియక పిచ్చిదైపోతుంది. అందుకని ఒక చెక్కకు బట్టల క్లిప్పులు తగిలించి, వాటి మీద నంబర్లు రాసుకున్నాం. నీ నంబరు క్లిప్పు తీసి నీ పెట్టె ఏరియల్ కడ్డీకి పెట్టుకున్నాకే స్విచ్ వెయ్యాలి. క్లిప్పు చెక్క మీద లేదంటే వేరేవాడు ఎగరేస్తున్నాడని అర్థం. అప్పుడు నీ పెట్టె జోలికి పోకూడదు. అంతే. చిన్నపిల్లలకు కూడా తెలిసే నియమం.

జంగన్నదీ నాదీ ఒకటే నంబరు. మా ఇద్దరికీ కలిపి ఒకటే క్లిప్పు.

ఆ చలికాలం ఆయన హరికేన్ మొదటిసారి ఎగిరింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానానికి నకలు. రెక్కల మీద ఒక్కో మేకు తల కూడా జిగురు బొట్లతో దించాడు. పొద్దున బీడులో దాన్ని కారు మీంచి దింపుతుంటే అందరూ చుట్టూ మూగారు. నేను పక్కన నా విమానం పెట్టుకుని నిలబడ్డాను. దాన్ని ఎవరూ చూడలేదు. ఉడుక్కున్నానా? ఉడుక్కున్నాను. కానీ అందుకే చేశాను అనడం కూడా నిజం కాదు. అసూయే కారణమైతే కనీసం కథకు ఒక రూపు ఉండేది. నాది అంతకంటే చిల్లర తప్పు.

జంగన్న క్లిప్పు తీసి కడ్డీకి పెట్టుకున్నాడు. హరికేన్ లేచింది. ఎంత బాగా లేచిందంటే, మామూలుగా నోరు మూయని మా గుంపు మొత్తం మాటలు ఆపేసింది. నేను కార్ల దగ్గరే ఉండిపోయాను. నా విమానం చక్రాలు పొద్దున్నుంచీ సరిగా ముడుచుకోవడం లేదు. తీగ మార్చాను. పని చేస్తుందో లేదో చూడాలి. ఒక్కసారి చూస్తే చాలు. కడ్డీ బయటికి లాగకుండా స్విచ్ వేస్తే అంతదూరం అందదులే అనుకున్నాను. మరిచిపోయానని చెప్పుకుందామని ఎన్నిసార్లు ప్రయత్నించానో. మరిచిపోలేదు. ఆయన విమానం చప్పుడు నా చెవుల్లో ఉంది. క్లిప్పు ఆయన దగ్గర ఉందని తెలుసు. తెలిసే వేశాను. జంగన్న చెప్పినట్టు ఆగడం నాకు ఎప్పుడు వచ్చింది గనక?

సరిగ్గా అప్పుడే ఆయన హరికేన్‌ను కిందికి దించి కార్ల మీదుగా తెస్తున్నాడు, అందరికీ దగ్గరగా చూపిద్దామని. అది ఆయన పెట్టెకు దూరంగా, నా పెట్టెకు దగ్గరగా వచ్చింది. నా తలమీద ఇంజను చప్పుడు మారింది. తలెత్తాను. రెక్క ఒక్కసారిగా పక్కకు ఒరిగింది. నేను స్విచ్ ఆపేశాను. అప్పటికే అది నేలకు దగ్గరైపోయింది. గుద్దుకున్న చప్పుడు నేను వర్ణించను. దాని ముక్కు మట్టిలో మోచేతి లోతు దిగింది. అవతల కంది చేను గట్టున మేకలు కాచుకునే ఒకామె కూర్చుని ఉంది. అంత దగ్గరలో పడింది. ఆమెకేమీ కాలేదు. లేచి నిలబడి, మావైపు చూస్తూ ఉండిపోయింది.

నేనేం చేశానో తెలుసా? నా పెట్టె మీద తువ్వాలు కప్పాను. ఆ తర్వాతే పరిగెత్తాను.

అందరూ తలో ముక్కా ఏరారు. బ్యాటరీ చూశారు, తీగలు చూశారు, అన్నీ బాగానే ఉన్నాయి. ఎవరో నంబరు సంగతి ఎత్తబోతే జంగన్నే కడ్డీకున్న క్లిప్పు చూపించాడు. క్లిప్పు నా కాడనే ఉన్నది గద అన్నాడు. దాంతో ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఆయన నన్ను అనుమానించలేదు. అనుమానించడం ఆయనకు తట్టలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. టీ గ్లాసు పట్టుకుంటే జంగన్న వేళ్లు కాస్త వణికేవి. సగం ఛాయ్ నాకు, సగం భూమికి అని తనే నవ్వేవాడు. కానీ పుల్లల మీద బొటనవేళ్లు పెట్టాక ఆ వణుకు ఉండేది కాదు. పక్కనే నిలబడి ఎన్నో ఆదివారాలు చూసినవాణ్ని, నాకు తెలుసు. ఆయన నన్ను కాస్త పక్కకు పిలిచాడు. మేకల ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఆయన ఆమెనే చూస్తూ అడిగాడు.

"తమ్మీ, నువ్వు జూస్తున్నవ్ గద. జర నిజం చెప్పు. నా చెయ్యి ఒణికిందా?"

చూడలేదని చెప్పి ఉండొచ్చు. కార్ల దగ్గరున్నానుగా, అది నిజమే కూడా. తెలియదని అనొచ్చు. నేను ఆ రెండూ అనలేదు.

"కొంచెం వణికినట్టే అనిపించింది అన్నా."

ఆయన తల ఊపాడు. రెండు చేతులూ ముందుకు చాపి, తిప్పి చూసుకున్నాడు, వేరే ఎవరివో చూస్తున్నట్టు. "మీద పడితే ఆ అక్క సచ్చిపోతుండె," అన్నాడు. అంతే అన్నాడు.

స్విచ్ వెయ్యడం పొరపాటని, మహా అయితే పొగరని అంటారు. ఒప్పుకుంటాను. కానీ ఆ మాట అనడం? అది అడగ్గానే అంత తేలిగ్గా నా నోటికెలా వచ్చింది? నాలో అది ముందే తయారై ఉందా? తువ్వాలు కప్పిన చెయ్యే ఆ మాటా అనిపించిందని నాకు నేను చెప్పుకునేవాణ్ని, చెయ్యి వేరే నేను వేరే అయినట్టు. విమానం పోతే మళ్లీ కట్టుకోవచ్చు. నేను పాడుచేసింది విమానం కాదని తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

జంగన్న మళ్లీ ఎగరేయలేదు. దవాఖానకు పోయాడు. వయసుతో వచ్చేదే, భయపడాల్సిందేమీ లేదని డాక్టరు చెప్పారట. డాక్టరు మాట నమ్మలేదు, నా మాట నమ్మాడు. స్కూటరు నడపడం మానేశాడు. గడ్డం గీసుకోవడానికి కూడా మంగలి దగ్గరికి పోయేవాడు. షెడ్డులో ఉన్న మిగతా విమానాలు, కర్ర, పనిముట్లు అన్నీ నాకు ఇచ్చేశాడు. నీ చెయ్యి మంచిగున్నది, తీస్కపో అన్నాడు. నేను తీసుకున్నాను. వాటిని ఎగరేశాను. జనం చప్పట్లు కూడా కొట్టారు. ఇది రాస్తుంటే సిగ్గేస్తోంది, అయినా రాస్తున్నాను.

తర్వాత కొత్త రకం రేడియోలు వచ్చాయి. వాటికి నంబర్ల గొడవ లేదు, ఎన్ని ఆన్ చేసినా ఒకదానికొకటి అడ్డురావు. క్లిప్పుల చెక్క నా కారు డిక్కీలో పడి ఉండేది. ఈ మధ్య మా గుంపులో కొత్తగా చేరిన ఒక బ్యాంకు ఉద్యోగి దాన్ని చూసి ఇదేంటని అడిగాడు. చెప్పాను. మరి ఎవరైనా క్లిప్పు లేకుండా ఆన్ చేసి విమానం కూల్చిన సందర్భం ఉందా సార్ అన్నాడు. లేదు అన్నాను. పక్కనున్న పాత మిత్రుడు అందుకుని, చెప్పుకోదగ్గట్టు కూలింది జంగన్నదొక్కటే, అది చెయ్యి వణికి కూలింది అని వివరించాడు. పాపం అని ఆ కుర్రవాడు నోరు చప్పరించాడు.

ఆ చప్పరింపు నేను భరించలేకపోయాను. నేను బతికి ఉండగానే నా అబద్ధం చరిత్ర అయిపోతోంది. కొత్తవాళ్లకు పాఠంగా చెబుతున్నారు. అక్కడే నిశ్చయించుకున్నాను. ముందు జంగన్నకు చెబుతాను, తర్వాత బీడులో అందరి ముందూ చెబుతాను. ధైర్యం వచ్చేదాకా ఆగితే ఈ జన్మకు రాదు. ఎన్నడూ పనికిరాని నా తొందర ఒక్కసారైనా పనికిరావాలి కదా.

మొన్న ఆదివారం పొద్దున్నే కొత్వాల్‌గూడ వెళ్లాను. జంగన్న వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. వదిన అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. ఆయన మనవరాలు, కూతురి కూతురు, ఆమె వీపు మీద వాలి ఆడుకుంటోంది. విమానం కూలిన మరుసటి ఏడు పుట్టిన పిల్ల. వదిన ఛాయ్ పెడతానని లేవబోతే వద్దన్నాను. మీరూ వినాలి అన్నాను. నిలబడే చెప్పాను. స్విచ్ సంగతి, తువ్వాలు సంగతి, నేనన్న మాట సంగతి. మరిచిపోయానని గానీ, అనుకోకుండా జరిగిందని గానీ ఎక్కడా అనలేదు. క్షమించమని అడగలేదు. అడిగితే ఆయన మీద ఇంకో పని పెట్టినట్టు అవుతుందనిపించింది.

తిడతాడనుకున్నాను. కొట్టినా నిలబడాలనే వచ్చాను. ఆయన నావైపు కూడా చూడలేదు. పిల్లనే చూస్తున్నాడు.

"పుట్టినప్పటి సంది ఎత్తుకోలే," అన్నాడు. "యాడ జారిపోతదో అని."

వదిన చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. ఆ సంగతి నాకు తెలియదు. స్కూటరు తెలుసు, గడ్డం తెలుసు, ఇది తెలియదు. నేను ఒప్పుకోవడానికి వెళ్లిన తప్పు ఎంతదో నాకే తెలియలేదు.

జంగన్న మంచం మీంచి ముందుకు వంగి రెండు చేతులూ చాపి పిల్లను పిలిచాడు. వేళ్లు కాస్త వణికాయి, ఎప్పుడూ వణికినంతే. పిల్ల ఆ చేతుల్ని చూసింది, ఆయన ముఖం చూసింది, వెళ్లి అమ్మమ్మ కొంగు వెనక్కి దూరింది. కొత్తవాళ్ల దగ్గరికి పోనట్టే పోలేదు. ఆయన చేతులు దించలేదు. అలాగే చాపి కూర్చున్నాడు.

నేను వచ్చేశాను. ఆయన నన్ను పొమ్మనలేదు, ఉండమనలేదు. గొంతులో ముల్లు లేదు, ఆ మాట నిజం. దాని చోట ఇంకేదో ఉంది, దాన్ని దింపుకునే హక్కు నాకు లేదు. వచ్చే ఆదివారం బీడులో అందరి ముందూ నిలబడి, జంగన్న చెయ్యి వణకలేదని చెబుతాను.