వీధిపోటు తప్పించిన దరఖాస్తు

మా ఇల్లు మిర్యాలగూడలో, రైల్వే గూడ్స్ షెడ్డు పక్కన. నాయన గొర్రెల మందను అమ్మేసి అక్కడ జాగా కొంటే, రైలు పట్టాల పక్కన ఇల్లేమిటని చుట్టాలు ఎగతాళి చేశారు. ఆయన చూసింది తూర్పు వాకిలి ఒక్కటే. గొర్రె పళ్లు చూసి వయసు చెప్పినంత తేలిగ్గా ఇంటిని చూసి ఏ మూల పెరిగిందో చెప్పగలడు మా నాయన.

ఉత్తరం గోడ దాటితే తుమ్మచెట్లున్న ఖాళీ జాగా, దాని అవతల షెడ్డు. అమ్మకుండా ఉంచుకున్న నాలుగు గొర్రెలను ఆయన అక్కడే మేపేవాడు. గూడ్సు బండ్ల దగ్గర లేచే సిమెంటు దుమ్ము చాలావరకు ఆ తుమ్మల మీదే వాలేది. మేం దాన్ని పట్టించుకోలేదు.

కొన్నేళ్ల కింద పట్టణానికి కొత్త ప్లాను గీసి, అభ్యంతరాలుంటే చెప్పమని మున్సిపాలిటీ ఆఫీసు గోడకు అంటించారు. నేను బడిలో లెక్కలు చెప్తాను కాబట్టి పటం చూసి రమ్మని కాలనీవాళ్లు నన్నే పంపారు. ఖాళీ జాగాకు ఆకుపచ్చ రంగు వేసి ఉంది. అక్కడ ఇళ్లూ రోడ్లూ రావు, చెట్లే పెంచుతారు. షెడ్డుకు వెళ్లే లారీల రోడ్డు తూర్పు నుంచి నేరుగా మా వాకిలి వైపు వచ్చి, చాలా దూరంలోనే షెడ్డుకు మలుపు తిరుగుతుంది.

కాగితం మీద గీసి చూపిస్తే నాయన ముఖం మారిపోయింది.

"యాడ మలిగితేంది బిడ్డా, సూటి మన వాకిలికే ఉన్నది. ఇది వీధిపోటు. ఇంట్ల మనిషి దక్కడు."

నిజం చెప్పాలంటే నాకూ భయమేసింది. దరఖాస్తు నేనే రాశాను. మా వరుసలోని ఇళ్లన్నీ సంతకాలు పెట్టాయి. ఆఫీసులో సర్వేయరు పటం పరిచి, "రోడ్డు జరపాలె సరే, ఎటు జరపమంటరు మేడం?" అని అడిగాడు. నేను ఆకుపచ్చ రంగు మీద వేలు పెట్టాను. "గీడ ఏం లేదు సార్, గడ్డే ఉన్నది" అన్నాను. మేం అడిగినట్టే జరిపారు.

తుమ్మలు కొట్టేశారు. ఇప్పుడు సిమెంటు లారీలు మా ఉత్తరం గోడకు ఆనుకుని పోతాయి. ఆ గోడ పక్కనే నాయన మంచం. మొదటి ఏడు దగ్గు, రెండో ఏడు ఆయాసం. సూర్యాపేటలో డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇంటి పక్కన ఏముందని అడిగాడు. చెప్పాను. ఇల్లు మారకపోతే మనిషి దక్కడన్నాడు. ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. మిర్యాలగూడ బస్సు ఎన్నింటికో చూసుకున్నాను.

కోదాడలో అక్క ఇంట్లో పదిహేను రోజులు ఉంచితే దగ్గు తగ్గింది. పదహారో రోజు సంచి సర్దుకున్నాడు.

"ఉండరాదు నాయినా, గీడ మంచిగున్నది గద" అంటే, "వాస్తు కుదిరిన ఇల్లు ఇడిసిపెట్టి బిడ్డింట్ల పడి ఉంటనా" అన్నాడు.

నిన్న సాయంత్రం వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒక లారీ పోయింది. చాలాసేపు దగ్గి, ఊపిరి అందాక నా వైపు చూశాడు.

"దగ్గుదేముంది బిడ్డా, ముసలితనం. ఆనాడు నువ్వు గా కాగితం రాయకపోతే నేను ఎప్పుడో పోతుంటి. పోటు తప్పిచ్చినవ్."

ఆ రోజు పటం మీద నేను వేలు పెట్టింది ఎక్కడో ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు. చెప్పాలని కూడా అనిపించడం లేదు. దుమ్ము వస్తోందని ఉత్తరం కిటికీ మూయడానికి లేచాను. అది మూసే ఉంది.