మెరుగు పెట్టిన పైపు

మా బాబాయి కట్టుడు పళ్లు చేస్తాడు. డెంటిస్టులు పంపిన అచ్చుల మీద పళ్లు అమర్చి, అరగదీసి, చక్రం మీద మెరుగు పెట్టడం ఆయన పని. పిచ్చి మాత్రం వేరే ఉంది. పాత ఇటలీ పైపులు. బ్రయర్ అనే పొద వేరుదుంపను చెక్కి చేసిన ఆ పొగ పైపులు పాత సామాన్ల కొట్లో కనబడితే చాలు, ఇక ఆయన కాలు కదలదు. ఇంటికి తెచ్చి, గీకి, అరగదీసి, తళతళలాడించి అద్దాల బీరువాలో పెడతాడు. అలాగని జన్మలో ఒక్కటీ వెలిగించలేదు. పక్కన ఎవరైనా సిగరెట్ ముట్టిస్తేనే దగ్గు. "ఈత రానాయనకి ఇన్ని పడవలెందుకో!" అని పిన్ని దెప్పుతుంది.

మా పై అంతస్తులో డ్రాయింగు మాస్టారు ఉండేవారు. సాయంత్రం బాల్కనీలో కూర్చుని ఇటలీ పైపు కాల్చేవారు. ఆ చెక్క మీది చారలు చూసి బాబాయి లొట్టలేసేవాడు. "నాకిచ్చెయ్యండి మాస్టారూ" అంటే, "నేను పోయాక చూద్దాంలేవయ్యా" అని ఆయన నవ్వేవారు.

మాస్టారు పోయారు. కొన్నాళ్లకి ఆయన భార్య ఆ పైపు పట్టుకుని కిందికి వచ్చారు. బాబాయి ఆవిడని అక్కయ్యా అని పిలుస్తాడు.

"గొట్టం వదులై ఊడొస్తోంది తమ్ముడూ. కాస్త బిగించి ఇవ్వు, చాలు."

చాలు అన్న మాట బాబాయి చెవికెక్కలేదు. అంత కాలం కోరుకున్న పైపు చేతికొస్తే ఆ చేతులు ఊరుకుంటాయా? గొట్టం బిగించాడు. పొగాకు కూరే గిన్నెలో పేరుకున్న మసి గీకేశాడు. స్పిరిట్‌లో ముంచిన దూది కుక్కి పాత పొగాకు వాసనంతా లాగేశాడు. గొట్టం చివర పంటి గాట్లుంటే చక్రం మీద పెట్టి నున్నగా చేశాడు.

"ఆవిడ ఇవన్నీ చెయ్యమందా?" అంది పిన్ని.

"నీకు తెలీదు, ఊరుకో."

నన్నూ వెంటబెట్టుకుని పైకెళ్లాడు. ఆవిడ మెచ్చుకుంటుంటే వినడానికి ఇంకో మనిషి కావాలిగా మరి.

ఆవిడ పైపు అందుకుని ముందు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత బొటనవేలితో గొట్టం చివర తడిమారు. మళ్లీ తడిమారు.

"ఇది ఆయనది కాదు తమ్ముడూ."

"ఆయనదే అక్కయ్యా. చారలు చూడండి."

"మరి ఆయన పళ్ల గుర్తులేవి?" ఆవిడ పైపుని వెలుతురు వైపు తిప్పి చూశారు. "మార్చేశావా? నీకు దాని మీద మనసుందని తెలుసు. కానీ ఇలా చేస్తావనుకోలేదు."

"మార్చలేదక్కయ్యా. నేనే... అరగదీసేశాను."

ఆ మాట అనేసరికి బాబాయి మొహం కందగడ్డయింది. పక్కనున్న నాకే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కిందికొచ్చి బాబాయి చెత్తబుట్ట బోర్లించాడు. నల్లబడిన దూది ఉండలు ఏరి వాసన చూశాడు. స్పిరిట్ కంపు తప్ప ఏమీ లేదు.

మర్నాడు ఆవిడే వచ్చి పైపు ఆయన చేతిలో పెట్టారు.

"నాకిందులో ఆయన కనబడట్లేదు. నువ్వే ఉంచుకో. ఎప్పట్నించో అడుగుతున్నావుగా."

కోపంగా అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆవిడ వెళ్లాక బాబాయి బీరువా తెరిచాడు. మాస్టారి పైపు లోపల పెట్టలేకపోయాడు. దాన్ని ఒళ్లో పెట్టుకుని, మిగతావి ఒక్కొక్కటే తీసి గొట్టాల చివర్లు వేలితో తడిమాడు. అన్నీ నున్నగానే ఉన్నాయి.

"వీటికీ ఉండేవమ్మా" అన్నాడు నాతో.