గడపలో నిలబడ్డ పూట

నా చిన్నప్పుడు పుంగనూరులో మా నాన్న పేరు తెలియని వాళ్ళుంటే ఉండొచ్చు గానీ, ‘లెక్కల అయివారి గడప’ తెలియని వాళ్ళు లేరు. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. అడిగినదానికి జవాబు రాకపోతే కొట్టరు, తిట్టరు. తరగతి గడపలో నిలబెడతారు. అదీ మొహం లోపలికి కాదు, బయటికి. వరండాలో వచ్చేపోయే వాళ్ళందరూ చూసేటట్టు గంట కొట్టేదాకా నిలబడాల్సిందే. బెత్తం పట్టుకున్న అయివార్ల కంటే బెత్తం ముట్టని మా నాన్నంటేనే పిల్లలకు హడలు. పెద్దవాళ్ళకు మాత్రం ఆయన దేవుడు. కండ్లు రెండు వదిలేసి మిగతా తోలంతా తీసేయండి అయివారూ అని పిల్లల్ని తెచ్చి అప్పజెప్పి పోయేవారు. నేనప్పుడు చిన్నబడిలో నాలుగో తరగతి, తరగతిలో మొదటిదాన్ని. ఆ గడపంటే నాకు గొప్పగానే ఉండేది. అది నాలాంటి వాళ్ళకోసం కాదు కదా.

మా అమ్మ మధ్యాహ్నం క్యారియరు తీసుకుని బడికి వెళ్ళేది. గడపలో నిలబడ్డ పిల్లల ముందు నుంచే పోవాలి. తల వంచుకుని గబగబా పోయి గబగబా వచ్చేసేది. ఒకనాడు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, సగంలోనే చెయ్యి కడిగేసుకుంది. ఏమైందని అడిగాను. “గడపలో ఉండే పిల్లోడొకడు నన్ను సూసి నవ్వబోయినాడు పాపా. నవ్వలేకపోయినాడు” అంది. దానికి అన్నం మానడమెందుకో నాకు అర్థం కాలేదు.

మా తమ్ముడికి అప్పుడు ఏడో ఏడు. పాట ఒక్కసారి వింటే చాలు, వాడికి వచ్చేసేది. పక్కింటివాళ్ళ దూడ వాడి వెనకాలే తిరిగేది. అక్షరాలు మాత్రం వాడి దగ్గర నిలిచేవి కావు. నిన్న వచ్చిన ‘క’ ఈరోజు రాదు. నాన్న సైకిలు చప్పుడు వినబడగానే వాడు దొడ్లోకి పోయి బాయిగట్టు చాటున కూర్చునేవాడు. నాన్నకు అది కనబడేది. కనబడనట్టు పలక తెమ్మనేవారు.

ఆ ఎండాకాలం నాన్నకు మదనపల్లెకు బదిలీ అయింది. కొత్త ఊరు, బాడుగ ఇల్లు, ఇక మాకు బడి చూడాలి. ఊళ్ళో రెండు బళ్ళ గురించి నాన్న విచారించారు. ఒకటి పెద్ద బడి. ఇనుప గేటు, క్రోటన్ కుండీలు, హెడ్మాస్టరు గదిలో అద్దాల బీరువా నిండా పోటీల్లో గెలిచిన కప్పులు. ఊళ్ళో ఎవరిని అడిగినా దాని పేరే చెప్పారట. రెండోది మగ్గాల చప్పుడు వినబడే వీధి చివర పెంకుల బడి. దాని గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. నాన్న మనసులో పెద్ద బడి ఖాయం. ముందు అమ్మాయిని చూపిస్తే, దాన్ని చూసి పిల్లవాడిని కూడా చేర్చుకుంటారని ఆయన లెక్క. గంప పైన మంచి కాయలు పేర్చినట్టన్నమాట. రెండోది కూడా చూసి రమ్మని అమ్మ పట్టుబట్టింది కాబట్టి సరేనన్నారు.

పొద్దున నాకు జడ వేస్తూ అమ్మ చెవిలో చెప్పింది. “రెండు బళ్ళలోనూ ఏమడిగినా నోరు తెరవాకు. వచ్చినా రానట్టే ఉండు. మీ నాయనకు చెప్పాకు.”

“యాల?” అన్నాను.

“నీకు మర్యాద చేస్తారని నాకు తెల్సు. నీ తమ్మునికి ఏం చేస్తారో తెలియాల.”

నాకు ఒళ్ళు మండిపోయింది. కొత్త ఊళ్ళో మొదటిరోజే మొద్దులా నిలబడాలా? కాదంటే ఆమె మొహం ఎలా అవుతుందో తెలుసు కాబట్టి ఊరుకున్నాను.

పెద్ద బడిలో మా నాన్న పేరు చెప్పగానే హెడ్మాస్టరు లేచి నిలబడ్డారు. మీ గురించి విన్నాం సార్, రండి సార్ అని కుర్చీ వేయించి, టీ చెప్పారు. నా బుగ్గ గిల్లి, ఏడెనిమిదులెంత అని అడిగారు. నవ్వొచ్చేంత సులువు. జవాబు నాలుక చివర ఉంది. పళ్ళు బిగబట్టాను. మళ్ళీ అడిగారు. ఒక పుస్తకం తెరిచి చదవమన్నారు. పుస్తకంలోకి చూస్తూ నిలబడ్డాను. మా నాన్న నా వైపు గుచ్చి చూశారు. అయినా మాట్లాడలేదు.

హెడ్మాస్టరు గొంతులో చనువు పోయింది. “లెక్కల అయివారి బిడ్డకు ఎక్కం రాదంటే ఎట్లమ్మా? పో, ఆ గడపలో నిలబడుకో. బయటికి తిరుగు. మాట గుర్తొస్తే లోపలికి రా.”

నిలబడ్డాను. వరండాలో పిల్లలు మంచినీళ్ళకు పోతున్నారు. ఒకమ్మాయి నన్ను చూసి పక్కమ్మాయిని మోచేత్తో పొడిచింది. ఇద్దరూ నా కొత్త లంగా నుంచి రిబ్బన్ల దాకా చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. కండ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మెడ వెనక నిప్పు సెగ తగిలినట్టయింది. అంతటి సిగ్గు నేను అంతకు ముందెప్పుడూ పడలేదు. నాకు జవాబు తెలుసు అని అరవాలనిపించింది. తెలియని వాళ్ళు ఏమని అరుస్తారో అప్పటిదాకా నేనెప్పుడూ అనుకోలేదు.

నా వెనక హెడ్మాస్టరు నాన్నతో అంటున్నారు. “ఏమీ అనుకోవాకండి సార్. ఇది మీ పద్ధతే. మీ పుంగనూరు నుంచి వచ్చిన అయివారొకాయన చెప్తే మేమూ పెట్టినాం. బ్రహ్మాండంగా పని చేస్తాండాది. బిడ్డలు దారికొస్తాండారు.”

మా నాన్న ఏదో ఒకటి అంటారని ఎదురుచూశాను. కుర్చీ జరిపిన చప్పుడే వినబడింది. ఆయన వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. వస్తామండీ అని కూడా చెప్పకుండా గేటు దాటించారు.

సైకిలు షాపు పక్కన నీడలో ఆగారు. “ఏడెనిమిదులెంత?” అన్నారు.

“యాభై ఆరు.”

“మరి ఆడ యాల చెప్పలేదు?”

ఏడుపు తన్నుకొచ్చింది. అమ్మ వద్దనింది, తమ్మునికి ఏం చేస్తారో తెలియాలంట అని కక్కేశాను. ఇక దెబ్బ పడుతుందనుకుని కండ్లు మూసుకున్నాను. ఏమీ పడలేదు. కండ్లు తెరిచి చూస్తే ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుస్తున్నారు. తుడిచిందే తుడుస్తున్నారు. తిరిగి పెట్టుకుని, “ఇంకో బడి ఉండాది కదా. ఆడ కూడా చెప్పాకు” అన్నారు.

పెంకుల బడిలో ఒక పంతులమ్మ రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకుని ఉంది. నన్ను అదే ఎక్కం అడిగింది. నేను మాట్లాడలేదు. ఇంకొకటి అడిగింది. అదీ చెప్పలేదు. “కొత్త ఊరు, కొత్త మొగాలు. మాటలు రేపొస్తాయి” అని నన్ను చాప మీద ఇద్దరు పిల్లల మధ్య కూర్చోబెట్టి, చేతికి చింతగింజలిచ్చింది. పక్కనున్న పిల్ల గింజలు కుప్పలు పెడుతుంటే నేనూ పెట్టాను. ఏడేసి గింజల కుప్పలు.

ఆ గదిలో రెండో కుర్చీ లేదు. అందుకని మా నాన్న గడపలోనే నిలబడ్డారు. పిల్లలు తలలు తిప్పి ఆయన్ను చూస్తున్నారు. “రేపు కూడా రాకపోతే?” అని అడిగారు. ఆ గొంతు మా నాన్నదిలా లేదు.

“ఎల్లుండొస్తాయి సార్. యాడికి పోతాయి?” అంది పంతులమ్మ, అప్పటికే ఇంకొకరి పలక దిద్దుతూ.

ఇంటికొచ్చేసరికి అమ్మ వాకిట్లో నిలబడి ఉంది. తమ్ముడు ఆమె కొంగు చాటున ఉన్నాడు. ఎట్లుండాది పెద్ద బడి అని అడిగింది.

“నా బడి మాదిరే ఉండాది” అన్నారు నాన్న.

అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. మమ్మల్నిద్దరినీ పెంకుల బడిలో వేశారు. తమ్ముడికి అక్షరాలు ఎల్లుండికి రాలేదు, ఆ ఏడాదీ సరిగా రాలేదు. ఎప్పుడో వచ్చాయి. ఈలోగా వాడిని ఎవరూ గడపలో నిలబెట్టలేదు. మా నాన్న కూడా మళ్ళీ ఏ పిల్లవాణ్ణీ నిలబెట్టలేదు.

కానీ అంతకు ముందు ఆయన నిలబెట్టిన పిల్లలు ఉన్నారు కదా. చాలా ఏళ్ళ తరువాత పుంగనూరులో ఒక పెళ్ళికి పోతే, బస్టాండులో ఒకాయన వచ్చి నాన్న కాళ్ళకు మొక్కాడు. మీరు గడపలో నిలబెట్టబట్టే మనిషినయినాను అయివారూ అన్నాడు. మా నాన్న తల పైకెత్తలేకపోయారు. ఇంకొకాయన మమ్మల్ని చూసి గుర్తుపట్టి, రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్ళిపోయాడు. నాన్న అతను పోయినవైపే చూస్తూ, “ఆ పొయ్యేవాడు నిజం చెప్పినాడమ్మా” అన్నారు.

మొన్న మా కొడుకు కాపురం కుప్పం నుంచి బెంగుళూరుకు మార్చాడు. దానికి ముందు నెలరోజులు ఇంట్లో ఇదే గోల. ఏ బడికి నెట్‌లో జనం ఎన్ని చుక్కలిచ్చారు, ఏ బడిలో ఈతకొలను ఉంది అని మొగుడూ పెళ్ళాం ఫోన్లలో తలలు పెట్టేశారు. చివరికి ఒకటి తేల్చుకుని, నన్ను కూడా రైలెక్కించి చూడటానికి తీసుకుపోయారు. మా మనవరాలు గలగలా జవాబులు చెప్పింది. అందరూ మురిసిపోయారు. నేను ఆఫీసులో ఉన్న అమ్మాయిని, తెలియని పిల్లల్ని మీరేం చేస్తారమ్మా అని అడిగాను. కొడుకు నా కాలు తొక్కాడు. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా నవ్వి, “మా దగ్గర అలాంటి పిల్లలు ఉండరు ఆంటీ” అంది.

ఆ అందమైన గదిలో, ఏసీ చల్లదనంలో, నా మెడ వెనక మళ్ళీ ఆ సెగ తగిలింది. బయటికొచ్చాక కొడుకు విసుక్కున్నాడు, అట్లా అడిగితే ఎట్లమ్మా అని. వాడికి ఈ కథంతా చెప్పాను. అంతా విని, ఇది మీ పద్ధతే అని హెడ్మాస్టరు అన్నప్పుడు తాత మొహం ఎట్లుండింది అని అడిగాడు. నాకు తెలియదు. ఆ పూట నన్ను బయటికి తిప్పి నిలబెట్టారు కదా. నేను చూడలేదు. చూడని ఆ మొహమే, ఏ బడి గడప తొక్కినా, ఈ వయసులో కూడా నా వెనక ఉంటుంది.