లైటు వద్దన్న మనిషి

బంగారు గని మూతపడ్డాక మా ఆయన మొదట మానుకున్నది ఆదివారం చర్చికి రావడం. ప్రార్థన అయ్యాక మగవాళ్లంతా గేటు దగ్గర నిలబడి ఎవరికి ఎక్కడ పని దొరికిందో చెప్పుకునేవాళ్లు. ఈయనకు చెప్పుకోవడానికి ఏమీ లేదు. తర్వాత టీ అంగడి మానేశాడు, ఆ తర్వాత గడప దాటడమే మానేశాడు. బతిమాలాను, తిట్టాను, చివరికి విసిగిపోయాను.

తెల్లవారకముందే నేను రైలెక్కి బెంగళూరు గార్మెంట్సులో బట్టలు కుట్టే పనికి పోయేదాన్ని. మా గని ఊరు కోరమండల్‌కు తిరిగొచ్చేసరికి ఇల్లంతా చీకటి. లైటు వేస్తే కళ్లలో గుచ్చుతోంది, ఆర్పెయ్ అని కసురుకునేవాడు. నాకది వింతగా తోచలేదు. ఏళ్ల తరబడి భూమి లోపల పనిచేసినవాళ్లకు వెలుతురు గిట్టదని మా గని ఇళ్ల లైన్లో ఆడవాళ్లందరం అనుకునేవాళ్లం. ఉన్నవి రెండు గదులు, వస్తువులన్నీ ఎక్కడివక్కడే. రాగిముద్ద మీద సారు పోసి ముందు పెడితే చక్కగా తినేవాడు.

ఒక ఆదివారం, ఆయనతో ఒకే గ్యాంగులో పనిచేసిన స్నేహితుడు వచ్చాడు. ఆటపట్టిద్దామని మాట్లాడకుండా ఎదురుగా నిలబడి నవ్వుతూ బీడీ అందించబోయాడు. మా ఆయన అతని మొహంలోకే చూస్తూ, వచ్చింది ఎవరని నన్ను అడిగాడు. అతని నవ్వు ఆగిపోయింది.

"వదినా, ఈయనకు కండ్లు కనపడ్డం లేదు" అన్నాడు మెల్లగా.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ ఒక్క మాటైనా చెప్పలేదేమని నిలదీశాను.

"చూసేదానికి ఏముండాదని?" అన్నాడు మా ఆయన.

స్నేహితుడు వినలేదు. చెయ్యి పట్టి బంగారుపేట కంటి డాక్టరు దగ్గరకు లాక్కుపోయాడు. శుక్లాల పొర ముదిరి కుడికన్ను పూర్తిగా పోయిందని, ముందే వచ్చివుంటే రెండూ దక్కేవని డాక్టరు చెప్పాడు. ఎడమకంటికి ఆపరేషన్ చేశారు.

కట్టు విప్పిన మర్నాడు, ఎవరూ రమ్మనకుండానే చొక్కా తొడుక్కుని వాకిట్లోకి వచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. లైను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. సగం ఇళ్లకు తాళాలు.

"యాడికి పోయినారే అందరూ?"

కొందరు బెంగళూరు, కొందరు హోసూరు వెళ్లిపోయారని చెప్పాను. ఎదురింటి అన్న చనిపోయి చాలా కాలమైందని కూడా చెప్పాను.

"నాకు ఎవురూ చెప్పలేదే" అన్నాడు.

దాచే ఓపిక నాకు లేదు. "నేనే చెప్పినాను. పోయేముందు నిన్ను చూడాలని కబురు పెట్టినాడు. నువ్వు గోడ తట్టు తిరిగి పండుకుంటివి."

ఆయన మిగిలిన ఒక్క కంటితో ఎదురింటి తాళాన్ని చూస్తూ నిలబడ్డాడు.